కొండవాలు ప్లాట్‌లో పునాది, రిటైనింగ్ వాల్: రోజు కూలికా, లేబర్ కాంట్రాక్టుకా, ఫుల్ కాంట్రాక్టుకా, ఇంజనీర్‌కా?

తిరుపతిలో మంగళం వైపు, జీవకోన వైపు, కరకంబాడి రోడ్డు పక్క, ఇటు చంద్రగిరి దారిలో కొండకి దగ్గరగా స్థలం తీసుకున్నోళ్ళందరికీ ఒకటే తలనొప్పి. ముందు రోడ్డు ఒక మట్టంలో ఉంటుంది, వెనక హద్దు ఇంకో మట్టంలో ఉంటుంది, మధ్యలో నాలుగడుగుల నుంచి పదడుగుల దాకా తేడా. అంకణం ఇంత అని బేరమాడి కొన్నప్పుడు ఆ వాలు ఎవరికీ కనపడదు, ఇల్లు మొదలుపెట్టేటప్పుడు కనపడుతుంది. పునాది ఎంత లోతు పోవాల, వెనక మట్టి జారకుండా రిటైనింగ్ వాల్ ఎవరు కట్టాల, ఆ పని ఎవరికి ఇవ్వాల అని అడిగితే పదిమంది పది రకాలుగా చెప్తారు. మేస్త్రీకి ఇచ్చేయి అని ఒకరు, ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగు) లెక్కన మొత్తం కాంట్రాక్ట్ ఇచ్చేయి తలనొప్పి ఉండదు అని ఇంకొకరు, ఇంజనీర్ లేకుండా ముట్టుకోవద్దని మరొకరు.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది, ముందే చెప్పేస్తా. ఈ పనికి మనిషిని రేటు చూసి ఎంచుకోకూడదు. గుంత తవ్వినాక లోపల మట్టి మనం అనుకున్నట్టు లేకపోతే అప్పుడు ఎవరి మాట చెల్లుతుంది, ఆ అదనపు ఖర్చు ఎవరి మీద పడుతుంది, ఈ రెండూ చూసి ఎంచుకోవాల. గోడలు, స్లాబు, టైల్స్ అన్నీ కంటికి కనపడే పనులు, తప్పుంటే రేపైనా పట్టుకోవచ్చు. పునాది, రిటైనింగ్ వాల్ అట్లా కాదు, మట్టి కప్పేస్తే అంతే సంగతి, లోపల ఏం పెట్టినారో మళ్ళీ చూసేవాడు ఉండడు.

ముందు చూడాల్సినవి

ఎవరితో మాట్లాడే ముందైనా ఈ ఐదు ప్రశ్నలకి మీ దగ్గర సమాధానం ఉండాల:

1. డ్రాయింగ్ ఎవరు ఇస్తారు? మీరు ఇచ్చేదా, కాంట్రాక్టర్ తెచ్చేదా, అసలు డ్రాయింగే లేకుండా "అనుభవం" మీద కట్టేదా?
2. తవ్వినాక రాయి తగిలినా, మెత్త మట్టి వచ్చినా, నీళ్ళు ఊరినా రేటు ఎట్లా మారుతుంది?
3. ఆ మనిషి కట్టిన రిటైనింగ్ వాల్ కనీసం రెండు నవంబర్లు దాటి నిలబడి ఉండేది ఒకటైనా చూపిస్తాడా?
4. డబ్బులు కొలత ప్రకారమా, స్టేజీ ప్రకారమా, వారం వారం అడిగినప్పుడా?
5. మీరు రోజూ సైట్ దగ్గర ఉండగలరా?

ఐదోదాన్ని జనం తేలిగ్గా తీసుకుంటారు కానీ సగం నిర్ణయం దాని మీదే ఉంటుంది.

నవంబర్ అని ఎందుకన్నానంటే మనకి అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల్లోనే, పైన తుపాను వస్తే చెప్పే పనిలేదు. 2021 నవంబర్ మనమంతా చూసినాము కదా, స్వర్ణముఖి పొంగింది, శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి నెలల తరబడి మూసేసినారు, డిసెంబర్ మొదట్లో ఘాట్ రోడ్డు మీద బండలు పడినాయి. అప్పుడే ఎం.ఆర్.పల్లి పక్క కృష్ణానగర్‌లో ఒకామె సంపు కడుగుతా ఉంటే సిమెంట్ రింగులు భూమిలో నుంచి పైకి లేచినాయి. చానామంది వింత అనుకున్నారు గానీ భూమి నిండా నీళ్ళు నిండినప్పుడు ఖాళీ సంపుని ఆ నీళ్ళే పైకి తోస్తాయి. రిటైనింగ్ వాల్‌ని పడగొట్టేది కూడా ఆ నీళ్ళే, ఆ సంగతి తెలియని మనిషికి ఈ పని ఇవ్వకూడదు.

లెక్కలో చూద్దాం. మామూలు గ్రావెల్ మట్టి పట్టుకున్న 10 అడుగుల గోడ మీద ఒక్కో మీటరు పొడవుకి సుమారు 2.7 టన్నుల తోపు ఉంటుంది. వెనక నీళ్ళు పోయే దారి లేక పైదాకా నిండితే అది 5.5 టన్నులు దాటుతుంది, అంటే రెండింతల పైన. ఇంకో మాట, గోడ ఎత్తు 5 అడుగుల నుంచి 10 అడుగులకి పెరిగితే ఖర్చు రెండింతలు అవుతుందనుకుంటారు చానామంది, కానీ తోపు నాలుగింతలు అవుతుంది, గోడని బోర్లా పడేసే బలం ఎనిమిదింతలు అవుతుంది. అందుకే "పక్క వీధిలో నాలుగడుగుల గోడ కట్టినాను సార్, ఇది కూడా అట్లే" అనే మాట దగ్గర ఆగి ఆలోచించండి.

ఎవరెవరు దొరుకుతారు

తిరుపతిలో ఈ పనికి నాలుగు రకాలుగా మనుషులు దొరుకుతారు. ముందు ఒక టేబుల్‌లో పెడతా, తర్వాత ఒక్కోటి మాట్లాడుకుందాం.

| | రోజు కూలి మేస్త్రీ | లేబర్ కాంట్రాక్ట్ | మెటీరియల్‌తో ఫుల్ కాంట్రాక్ట్ | కొలత ప్రకారం ఇంజనీర్-కాంట్రాక్టర్ |
|---|---|---|---|---|
| సామాను ఎవరిది | మీది | మీది | వాళ్ళది | వాళ్ళది, లేదా కంబి-సిమెంట్ మీది |
| డ్రాయింగ్ | ఉండదు | మీరు ఇస్తేనే | ఇంటికి ఉంటుంది, గోడకి చానాసార్లు ఉండదు | ఉంటుంది |
| మట్టి మారితే | మీ నిర్ణయం, మీ ఖర్చు | గొడవ | లోతు తగ్గించే ప్రమాదం | కొలిచి బిల్లు వేస్తారు |
| మీరు సైట్‌లో ఉండాల్సింది | రోజంతా | రోజూ కొంతసేపు | వారానికి కొన్నిసార్లు | ముఖ్యమైన రోజుల్లో |
| పునాదికి | చిన్న పనికే | డ్రాయింగ్ ఉంటే బాగుంటుంది | సమతల ప్లాట్‌కి ఓకే | బాగుంటుంది |
| 5 అడుగులు దాటిన గోడకి | వద్దు | ఇంజనీర్ చూస్తా ఉంటేనే | విడిగా ఒప్పందం ఉంటేనే | ఇదే మేలు |

రోజు కూలి

దీని గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. రెండు మూడు అడుగుల బేస్‌మట్టం, తోటలో చిన్న రాతి కట్ట, ఉన్న గోడకి చిన్న రిపేరు, ఇట్లాంటివాటికి సరిపోతుంది. మేస్త్రీ మంచోడే అయినా రోజు కూలిలో పని ఎప్పుడు అయిపోతుందో ఎవరూ చెప్పలేరు, తప్పు జరిగితే మళ్ళీ చేసిన రోజులకి కూడా కూలి మీరే ఇవ్వాల.

లేబర్ కాంట్రాక్ట్

మన ఊర్లో ఎక్కువమంది కట్టుకునేది ఇట్లానే. సామాను మనం తోలిస్తాం, మేస్త్రీ తన మనుషుల్ని పెట్టి తవ్వకం, సెంట్రింగ్, కంబి కట్టడం, కాంక్రీట్ అన్నీ చేయిస్తాడు, రేటు ఎస్‌ఎఫ్‌టీకి ఇంత అనో మొత్తం పనికి ఇంత అనో మాట్లాడుకుంటారు. దీంట్లో పెద్ద లాభం సామాను మన చేతిలో ఉండటం. సిమెంట్ తయారైన తేదీ బస్తా మీద చూసి మూడు నెలలు దాటినవి వెనక్కి పంపొచ్చు, కంబి మనమే వేబ్రిడ్జి మీద తూకం వేయించి దించుకోవచ్చు. 12 మీటర్ల కంబి ఒక్కోటి 8 ఎంఎం అయితే సుమారు 4.7 కిలోలు, 10 ఎంఎం 7.4, 12 ఎంఎం 10.7, 16 ఎంఎం 19 కిలోలు ఉండాల, ఈ నాలుగు నెంబర్లు ఫోన్‌లో రాసి పెట్టుకోండి, షాపులో కంబీల లెక్కన అమ్మేవాడి దగ్గర బాగా పనికొస్తాయి.

నష్టం ఏమిటంటే లేబర్ మేస్త్రీకి పని తొందరగా అయిపోవడంలోనే లాభం. ఆయన్ని తప్పు పట్టడం లేదు, ఒప్పందమే అట్లా ఉంటుంది. ఆరడుగులు తవ్వాల్సిన చోట ఐదడుగులకే రాయి తగిలితే "సార్ రాయి తగిలింది, ఇంక బ్రహ్మాండంగా ఉంటుంది, పీసీసీ వేసేద్దాం" అంటాడు, పీసీసీ అంటే కంబి లేకుండా అడుగున పోసే కాంక్రీట్. మనకి సంతోషమేస్తుంది. కానీ కొండ కింద మట్టిలో తగిలే రాయి అంతా ఒకటి కాదు. శేషాచలం మీద నుంచి ఎప్పుడో దొర్లి వచ్చి మట్టిలో ఇరుక్కున్న గుండు ఒక రకం, కింద పరుచుకుని ఉండే అసలు బండ ఇంకో రకం. ఫుటింగ్, అంటే కాలమ్ కింద పాదం, సగం గుండు మీద, సగం మట్టి మీద కూర్చుంటే మట్టి వైపు కుంగుతుంది, గుండు వైపు కుంగదు, రెండో ఏడాదికి గోడల మీద కోణంగా పగుళ్ళు మొదలవుతాయి. తెలుసుకోవాలంటే చుట్టూ ఒక అడుగు వెడల్పు ఎక్కువ తవ్వించి చూడాల. రాయికి అంచు కనపడి కింద మట్టి ఉంటే అది గుండు, తీసేయాల్సిందే. అన్ని గుంతల్లో ఒకే మట్టంలో, ఒకే రంగు, ఒకే గట్టిదనంతో తగిలితే అది బండ అయ్యుండొచ్చు, అప్పుడు కూడా ఇంజనీర్ దిగి చూడాల. ఈ నిర్ణయం లేబర్ మేస్త్రీ తీసుకోకూడదు, మనమూ తీసుకోకూడదు.

కాబట్టి లేబర్ కాంట్రాక్ట్ ఇచ్చేటట్టయితే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని మీరే విడిగా పెట్టుకోండి. తుడాలోనో (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) కార్పొరేషన్‌లోనో ప్లాన్ అప్రూవల్‌కి సంతకం పెట్టినాయనే ఫుటింగ్ లెక్క కూడా కట్టినాడని అనుకోవద్దు, అది వేరే పని, అడిగి తెలుసుకోండి. ఫీజు డ్రాయింగ్‌కి ఇంత, సైట్‌కి వచ్చే ప్రతిసారికి ఇంత అని మాట్లాడుకుంటే సరిపోతుంది. రావాల్సిన రోజులు కూడా ముందే చెప్పుకోండి: గుంతలు తవ్వినాక, కంబి కట్టినాక కాంక్రీట్‌కి ముందు, గోడ వెనక మట్టి పోసేముందు.

మెటీరియల్‌తో ఫుల్ కాంట్రాక్ట్

ఎస్‌ఎఫ్‌టీకి ఇంత అని రేటు చెప్పి తాళం చేతికిస్తామంటారు. బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేస్తా ఇక్కడ ఇల్లు కట్టుకునేవాళ్ళకి ఇది ఆశగా ఉంటుంది, దాంట్లో తప్పు లేదు. సమతలంగా ఉండే ప్లాట్, మట్టి బాగుందని రిపోర్ట్ ఉంది అంటే ఈ పద్ధతి సాఫీగానే నడుస్తుంది.

వాలు ప్లాట్‌లో మాత్రం చిక్కు ఇదే. ఎస్‌ఎఫ్‌టీ రేటులో పునాది "5 అడుగుల లోతు వరకు" అనో "బేస్‌మట్టం 3 అడుగుల వరకు" అనో ఒక లైన్ ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. దాటితే ఎక్స్‌ట్రా. ఆ ఎక్స్‌ట్రా రేటు ఒప్పందంలో ఉండదు, గుంత తవ్వి పెట్టినాక చెప్తారు, అప్పటికి మీరు ఇంకొకరి దగ్గరికి పోలేరు. రిటైనింగ్ వాల్ అయితే చానా ఒప్పందాల్లో "కాంపౌండ్ వాల్" అనే మాట కిందే కలిసిపోయి ఉంటుంది. తొమ్మిది అంగుళాల ఇటుక కాంపౌండ్ వాల్‌కి ఒక పక్క మట్టి పోసి మట్టం చేసేయడం మన ఊర్లో ఎంత మామూలైపోయిందో చూస్తే భయమేస్తుంది. ఆ గోడ హద్దు చూపించడానికి కట్టింది, మట్టిని ఆపడానికి కాదు. మొదటి గట్టి వానకి అది పక్కింటి వాళ్ళ మీదకి వాలుతుంది, అక్కడ పిల్లలు ఆడుకుంటా ఉంటారు.

ఫుల్ కాంట్రాక్ట్‌కే మొగ్గితే రిటైనింగ్ వాల్‌ని దాంట్లో నుంచి బయటికి తీయండి. ఇంటికి ఎస్‌ఎఫ్‌టీ రేటు, గోడకి విడిగా కొలత రేటు, పునాది లోతు పెరిగితే ప్రతి అడుగుకి ఎంత, రాయి పగలగొట్టాల్సి వస్తే బ్రేకర్ గంటకి ఎంత, ఇవన్నీ సంతకానికి ముందే రాయించుకోండి. రాయనంటే ఆయన వద్దు.

కొలత ప్రకారం చేసే ఇంజనీర్-కాంట్రాక్టర్

దీన్నే ఐటమ్ రేట్ అంటారు. మట్టి తవ్వకం క్యూబిక్ మీటరుకి ఇంత, మెత్త రాయికి ఇంత, గట్టి రాయికి ఇంత, పీసీసీకి ఇంత, ఆర్‌సీసీకి (కంబి పెట్టిన కాంక్రీట్) ఇంత, కంబి కట్టడం కిలోకి ఇంత, వెనక మట్టి నింపి దిమ్మిస చేయడానికి ఇంత అని పట్టీ ఇస్తారు. చేసినంత కొలిచి బిల్లు. జీఎస్టీ నెంబర్ ఉన్న కాంట్రాక్టర్ అయితే 18 శాతం పన్ను పైన పడుతుంది, కొటేషన్ పన్నుతో కలిపా కాదా అని అడగండి, లేకపోతే రెండు కొటేషన్లు పోల్చడమే కుదరదు.

మొదటిసారి చూసినప్పుడు ఇది ఖరీదుగా కనపడుతుంది, మొత్తం ఎంతవుతుందో చివరిదాకా తెలియదు కాబట్టి మనసుకి కూడా నెమ్మది ఉండదు. కానీ లోతు పెరిగితే దానికి డబ్బు వస్తుంది కాబట్టి లోతు తగ్గించాలనే ఆశ కాంట్రాక్టర్‌కి ఉండదు. ఇదే దీంట్లో గుట్టు. దీనికి తిరగేసిన ప్రమాదం కూడా ఉంది, అవసరం లేకపోయినా ఎక్కువ తవ్వేయడం, ఎక్కువ కాంక్రీట్ పోయడం. దానికి మందు డ్రాయింగే, డ్రాయింగ్‌లో ఉన్న సైజు దాటితే ఇంజనీర్ రాసిచ్చిన కాగితం ఉంటేనే డబ్బు ఇవ్వండి.

పరిమాణం ఒక ఐడియా కోసం చెప్తా. 50 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు ఆర్‌సీసీ రిటైనింగ్ వాల్‌కి డిజైన్‌ని బట్టి అటూ ఇటూ ఒక 14 క్యూబిక్ మీటర్ల కాంక్రీట్ పడుతుంది, ఎం20 (కాంక్రీట్ బలం గ్రేడు) లెక్కలో సిమెంట్ 110 బస్తాల దగ్గర, కంబి టన్ను పైన. ఎవరైనా అదే గోడ 60 బస్తాలతో అయిపోతుందంటే దేన్ని సన్నం చేస్తా ఉన్నారో అడగండి.

ఒకటి మర్చిపోవద్దు, ఇట్లాంటి కాంట్రాక్టర్లు చిన్న పనికి ఉత్సాహంగా రారు. నాలుగడుగుల గోడకి పిలిస్తే ఫోన్ ఎత్తరు, ఎత్తినా నెల తర్వాత వస్తారు.

రాతి గోడా, ఆర్‌సీసీనా

కాంట్రాక్టర్‌ని ఎంచుకోవడం దీని మీద కూడా ఉంటుంది కాబట్టి కొంచెం చెప్తా. మన జిల్లాల్లో రాయికి కరువు లేదు, రాయి పని తెలిసిన మంచి మనుషులు ఇంకా ఉన్నారు. రాతి గోడ తన బరువుతోనే మట్టిని ఆపుతుంది, అందుకే అడుగు వెడల్పు ఎక్కువ కావాల, ఎత్తులో సగానికి తక్కువ కాకుండా, చానాసార్లు 0.6 నుంచి 0.7 వంతు దాకా. అంటే 8 అడుగుల గోడకి కింద ఐదు, ఐదున్నర అడుగుల వెడల్పు. చిన్న ప్లాట్‌లో అంత స్థలం పోగొట్టుకోవడానికి మనసు రాదు. అయినా ఐదడుగుల లోపు ఎత్తుకి, స్థలం ఉన్నోళ్ళకి, రాతి గోడే నా మొదటి మాట, మంచి రాతి మేస్త్రీ దొరికితే లేబర్ కాంట్రాక్ట్‌లోనే చక్కగా అయిపోతుంది.

ఆర్‌సీసీ గోడ సన్నగా ఉంటుంది కానీ దాని కింద పాదం వెడల్పుగా ఉంటుంది, ఆ పాదంలో ఎక్కువ భాగం మట్టి వైపుకి ఉంటుంది, మట్టి మీ పక్క ఉంటే మీ స్థలంలోకి. పక్కోళ్ళ హద్దు మీదే గోడ అయితే పాదం వాళ్ళ స్థలంలోకి పోకూడదు, అప్పుడు డిజైనే మారుతుంది, లోపలికి ఇంకా ఎక్కువ తవ్వాల్సి వస్తుంది. ఈ విషయం కాంట్రాక్టర్ ముందే ఎత్తితే ఆయనకి పని తెలుసని అర్థం. గేబియన్, అంటే ఇనుప వల పెట్టెల్లో రాళ్ళు నింపి పేర్చేది, నీళ్ళు పోవడానికి బాగుంటుంది కానీ ఇళ్ళ ప్లాట్లకి స్థలం ఎక్కువ తింటుంది, పెద్ద తోట ఉంటే ఆలోచించండి.

పాత పని చూడడానికి పోయినప్పుడు

కాంట్రాక్టర్ చూపించే ఇల్లు చూసి ఎలివేషన్ బాగుందని వచ్చేయకండి. రిటైనింగ్ వాల్ దగ్గరికి, మట్టి లేని కింది వైపుకి పోండి. నీళ్ళు పోయే పైపులు, వీప్ హోల్స్ అంటారే, అవి మూడు నాలుగు అంగుళాల సైజులో, మీటరు, మీటరున్నర దూరంలో, బయటికి వాలుగా ఉండాల. ఒక సన్న కంబి ముక్క తీసుకుని పైపులోకి దూర్చి చూడండి. మా చుట్టాల ఇంటి గోడకి నేను ఇట్లా చేసి చూస్తే నాలుగు అంగుళాలు పోయి కంబి టక్కుమని ఆగిపోయింది. లాగితే పైపు ముక్క ఊడి చేతికొచ్చింది. జానెడు కూడా లేదు, వెనక పక్క సిమెంట్ మూసుకుపోయి గట్టిగా ఉంది, గోడ అంతా వరసగా అట్లాంటివే, బయటికి చూస్తే డజను పైపులు చక్కగా కనపడతాయి, ఒక్క దాంట్లో నుంచి కూడా చుక్క నీళ్ళు రావు. గోడ మధ్యలో అప్పటికే కొంచెం ఉబ్బు ఉంది, పై నుంచి తూగు గుండు వదిలితే తెలిసిపోయింది. కట్టినాయన ఊర్లో పేరున్నాయనే, పేరు ఇక్కడ అనవసరం.

కాబట్టి పాత గోడ దగ్గర ఇవి చూడండి: పైపుల కింద నీళ్ళ చారలు ఉన్నాయా (ఉంటే మంచిదే, పనిచేస్తా ఉన్నట్టు), గోడ ఉబ్బిందా, వాలిందా, పై అంచున మట్టికీ గోడకీ మధ్య చీలిక ఉందా. ఆ ఇంటోళ్ళని ఒక్కటి అడగండి, "అన్నా, వాన వచ్చినప్పుడు ఫోన్ చేస్తే ఆయన వచ్చినాడా?" అని. మిగతాదంతా వాళ్ళే చెప్తారు.

కాంట్రాక్టర్‌తో మాట్లాడేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటుంది. "మేస్త్రీ, ఈ రిటైనింగ్ వాల్‌లో మెయిన్ కంబి ఏ వైపు పెడతావు?" మట్టి వైపు అనాల. మట్టి తోసినప్పుడు గోడ సాగేది ఆ వైపే, కాంక్రీట్‌కి సాగే బలం లేదు కాబట్టి కంబి అక్కడే ఉండాల. "బయట వైపు సార్, గోడ బయటికి పడకుండా" అనేవాడు కూడా ఉంటాడు. ఎంత తక్కువ రేటు చెప్పినా ఆయన్ని దండం పెట్టి పంపించేయండి. రెండో ప్రశ్న, ఫుటింగ్ కంబి కింద ఏం పెడతావు? 50 ఎంఎం కవర్ బ్లాకులు (కంబిని ఎత్తి పట్టే సిమెంట్ దిమ్మెలు) అనాల, జెల్లీ రాయి (కంకర) ముక్కలో ఇటుక పెళ్ళలో పెడతామంటే కంబి మట్టికి దగ్గరయ్యి తుప్పు పడుతుంది. ఎం20 కాంక్రీట్‌కి బస్తాకి ఎన్ని నీళ్ళు అని అడిగితే 30 లీటర్లు దాటకూడదని తెలిసినోడు అరుదు, తెలిసినోడు దొరికితే వదలొద్దు.

మీరు ఎవరు అనేదాన్ని బట్టి

ఊర్లోనే ఉంటారు, రిటైర్ అయినారు, రోజూ సైట్‌కి పోగలరు, ప్లాట్ తేడా నాలుగైదు అడుగుల లోపు. అయితే విడిగా ఇంజనీర్ డ్రాయింగ్, దాని మీద లేబర్ కాంట్రాక్ట్. డబ్బు మిగులుతుంది, పని కూడా మీ కళ్ళ ముందు జరుగుతుంది.

బయట ఊర్లో ఉద్యోగం, నెలకి ఒకసారి వస్తారు, తేడా ఎనిమిది పది అడుగులు. గోడ, పునాది వరకు కొలత ప్రకారం ఇంజనీర్-కాంట్రాక్టర్‌కి ఇవ్వండి, బేస్‌మట్టం పైన ఇల్లు కావాలంటే ఫుల్ కాంట్రాక్ట్‌కి ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఇద్దరుంటే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారనే భయం ఉంటుంది, నిజమే, అందుకే పునాది అప్పగించే రోజు మట్టాలు, కాలమ్ సెంటర్లు కొలిచి ఇద్దరి దగ్గరా సంతకం తీసుకోండి. ఇంట్లో అమ్మానాన్న ఉన్నారు, వాళ్ళు చూసుకుంటారులే అని లేబర్ కాంట్రాక్ట్ మాత్రం ఇవ్వకండి, ఆ వయసులో ఎండలో నిలబడి కంబీలు లెక్కపెట్టే పని వాళ్ళకి పెట్టొద్దు.

బడ్జెట్ చానా తక్కువ, ఒక్క అంతస్తే కడతారు. ఎనిమిదడుగుల తేడాని ఒక్క గోడతో ఆపాలని ఎక్కడా లేదు. నాలుగడుగులవి రెండు రాతి గోడలు మెట్లుగా, మధ్యలో చాలినంత దూరం వదిలి కట్టొచ్చా అని ఇంజనీర్‌ని అడగండి. దగ్గర దగ్గరగా కడితే పై గోడ బరువు కింది గోడ మీదే పడుతుంది, కాబట్టి దూరం ఆయనే చెప్పాల. ఇంకో దారి, మట్టి నింపకుండా కింది భాగాన్ని పార్కింగ్‌కి వదిలి కాలమ్స్ పొడుగు చేసుకోవడం. నింపే మట్టి, ఆపే గోడ రెండు ఖర్చులూ తగ్గుతాయి.

పూడ్చిన చెరువు పక్కనో, నల్లరేగడి మట్టిలోనో ప్లాట్ ఉన్నోళ్ళు కాంట్రాక్టర్ సంగతి తర్వాత, ముందు మట్టి పరీక్ష చేయించండి. ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ డిపార్ట్‌మెంట్లలో, ప్రైవేట్ ల్యాబుల్లో అడగండి. ఆ రిపోర్ట్ లేకుండా ఎవరు రేటు చెప్పినా అది ఊహే.

కాగితం, డబ్బు, టైము

అడ్వాన్స్ 10 శాతం దాటొద్దు. తర్వాత పని కనపడే స్టేజీకే డబ్బు: తవ్వకం-పీసీసీ, పాదం కాంక్రీట్, గోడ కాంక్రీట్, చివరగా వెనక జెల్లీ వడపోత పొర, పైపులు, మట్టి నింపడం. ఈ చివరిదానికి కనీసం 15 శాతం ఉంచండి, ఎందుకంటే గోడ లేచినాక అందరికీ పని అయిపోయినట్టే అనిపిస్తుంది, వెనక పని ఎగరగొట్టేది అప్పుడే. జేసీబీ పెట్టి లారీ మట్టి ఒక్క పూటలో తోసేయడం వద్దు, అరడుగు పొరలుగా పోసి దిమ్మిస చేయాల, బండి గోడ దగ్గరికి రాకూడదు. ఇవి కాక మొత్తంలో 5 నుంచి 10 శాతం మొదటి నవంబర్ వానలు దాటేదాకా పట్టి పెడతామని ఒప్పందంలో రాయండి. పని మీద నమ్మకం ఉండేవాడు దీనికి ఒప్పుకుంటాడు, కొంచెం గొణిగినా ఒప్పుకుంటాడు.

కాంక్రీట్ పోసిన రోజు క్యూబ్స్ (అదే కాంక్రీట్‌తో పోసిన శాంపిల్ దిమ్మెలు) తీయించి 7 రోజులకి, 28 రోజులకి పరీక్ష చేయించే ఖర్చు ఎవరిదో రాయండి. క్యూరింగ్ కనీసం 10 రోజులు, ఎండాకాలంలో 14, నీళ్ళ ట్యాంకర్ ఎవరు తెప్పించాలో కూడా రాయండి, ఎందుకంటే మే నెల తిరుపతిలో ట్యాంకర్ దొరకడమే కష్టం, ఆ సాకుతోనే క్యూరింగ్ మూడు రోజుల్లో ఆగిపోతుంది.

పక్కోళ్ళ గోడ పక్కన తవ్వేటప్పుడు పొడవంతా ఒకేసారి తవ్వనని, ఒక ముక్క తవ్వి, కట్టి, తర్వాత పక్క ముక్కకి పోతానని కాంట్రాక్టర్ దగ్గర రాయించుకోండి. జేసీబీ గంటల లెక్కన వచ్చింది కదా అని ఒక్క పూటలో హద్దు పొడవునా తవ్వి పెట్టేస్తారు, ఆ రాత్రి వాన పడితే పక్కింటి కాంపౌండ్ వాల్ మీ గుంతలో ఉంటుంది, కేసు మీ మీద ఉంటుంది. తవ్వేముందు పక్కోళ్ళని పిలిచి, ఉన్న పగుళ్ళు ఇద్దరూ చూసి ఫోటోలు తీసుకుంటే తర్వాత మాటా మాటా రాదు.

పని సంక్రాంతి దాటినాక మొదలుపెడితే ఎండాకాలంలో గోడ లేస్తుంది, జూలై, ఆగస్టుకి వెనక మట్టి పని కూడా అయిపోయి అక్టోబర్ వానకి గోడ సిద్ధంగా ఉంటుంది. మీకు నచ్చిన మంచి కాంట్రాక్టర్ సెప్టెంబర్‌లోనే ఖాళీ అవుతానంటే తొందరపడి గుంతలు తీయించకండి, ఆ మూడు నాలుగు నెలలు డ్రాయింగ్‌కి, మట్టి పరీక్షకి, రెండో కొటేషన్‌కి వాడుకుని జనవరి తేదీ ఇప్పుడే రాయించుకోండి.